దర్వాజ పేరుతో దూరిందెవరు?

“యంత్రం అబద్ధం చెప్పదండీ! చెరిపేసింది శిరీషేనని అదే రాసి పెట్టింది. ఇంకేం పరిశోధిస్తారు మీరు?”

భార్గవ్ ఆ మాట అనేసి కుర్చీలో వెనక్కి వాలాడు. కంపెనీల కంప్యూటర్లకు భద్రతా సలహాలు ఇచ్చే పెద్ద సంస్థ మనిషి. పొద్దుటి నుంచి ఇక్కడే ఉన్నాడు. తన పని ఎప్పుడో పూర్తయిందన్న ధీమా ఆ వాలడంలోనే కనబడుతోంది.

“ఒప్పుకుంట సార్, యంత్రం అబద్ధం చెప్పదు. కాని అడిగినదానికే చెప్తది. మీరేం అడిగిన్రు దాన్ని?” అంది భాగ్యమ్మ.



భాగ్యమ్మ అన్న పేరు విన్నవాళ్ళు ఎవరో పెద్దావిడ నెమ్మదిగా మెట్లెక్కి వస్తుందనుకుంటారు. వచ్చేది ముప్పై నాలుగేళ్ళ మనిషి, భుజాన లాప్‌టాప్ సంచి, పరుగెత్తడానికి వీలైన చెప్పులు. అది నాయనమ్మ పేరు. మార్చుకోమని ఎందరు చెప్పినా మార్చుకోలేదు. అత్తాపూర్‌లో ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్‌కు ఎదురుగా ఉన్న ఒంటిగది ఆఫీసు మీద ఆ పేరునే పెద్ద అక్షరాలతో రాయించుకుంది. ‘డిటెక్టివ్ భాగ్యమ్మ. యంత్రాల కేసులు మాత్రమే.’ ఆ బోర్డు చూసి నవ్వుకున్నవాళ్ళే తర్వాత ఫోన్లు చేస్తారు. ఇవాళ పొద్దున చేసినవాడు రాఘవేందర్.

రాఘవేందర్ శంషాబాద్ విమానాశ్రయం పక్కనున్న హిమజ కార్గోకు మేనేజరు. మందులూ టీకాలూ విమానం ఎక్కేదాకా చల్లగా దాచిపెట్టడం ఆ కంపెనీ పని. అందుకు ఆరు చల్లని గదులు ఉన్నాయి. ఒక్కో గదికి ఒక్కో కంప్యూటరు కాపలా. చల్లదనం చూసేది అదే, ఎవరికి తలుపు తీయాలో ఎవరికి తీయకూడదో నిర్ణయించేదీ అదే.

“ఇయ్యాల పొద్దుగాల ఆ కంప్యూటర్లల్ల పాత ప్రోగ్రాంలు తీసేసి కొత్తవి పెట్టాలె మేడం,” అన్నాడతను, నుదురు తుడుచుకుంటూ. “చేత్తోని చేసుడు ఏం లేదు. ఏమేం బిగించాల్నో ఆర్డర్ ముందే రాసి ఉంటది. బటన్ ఒత్తితే యంత్రమే మా గోదాంలకెల్లి ఒక్కొక్క చిన్న ప్రోగ్రాం తెచ్చుకొని బిగించుకుంట పోతది. సగం దాక బాగనే పోయింది. నాలుగు గదుల్ల ఆగిపోయింది. ‘దర్వాజ దొరకలేదు’ అని ఎర్ర గీత.”

“మిగిలిన రెండు?”

“అయిదు, ఆరు మంచిగనే లేచినయ్. వాటికేం రోగం లేదు.”

భాగ్యమ్మ తలాడించింది. వంటలో ఒక్క దినుసు లేకపోతే పొయ్యి ఆర్పేసి కూర్చునే వంటమనిషి లాంటిది ఈ యంత్రం. ఉప్పు లేకపోయినా ఆపేస్తుంది, ఆవాలు లేకపోయినా ఆపేస్తుంది. ఇక్కడ కరువైన దినుసు పేరు దర్వాజ. అది కంపెనీ కంప్యూటర్ గోదాంలో ఉండాల్సిన చిన్న ప్రోగ్రాం. రాసింది ఇక్కడ ఉద్యోగం చేసే శిరీష అనే అమ్మాయి. నిన్న మధ్యాహ్నం దాన్ని గోదాంలోంచి చెరిపేసింది కూడా శిరీష పేరే.

“మూడింటికి పోలీసులొస్తున్నారు,” అన్నాడు భార్గవ్ గడియారం చూసుకుని. “సెక్యూరిటీ ఇన్‌ఛార్జి నరేందర్ ఫిర్యాదు సిద్ధం చేశాడు. అంతలోపు మీరు చూడాల్సిందేదో చూసేసుకోండి.”

“అంతసేపు అక్కర్లేదు,” అంది భాగ్యమ్మ లేస్తూ.

శిరీషను స్టోరు పక్కనున్న చిన్న గదిలో కూర్చోబెట్టారు. గుమ్మం దగ్గర నిలబడ్డ నరేందర్ నలభై ఏళ్ళవాడు, ఖాకీ చొక్కా, నవ్వు మొహం. భాగ్యమ్మను చూడగానే పక్కకు జరిగాడు.

“పాపం చిన్నపిల్ల అక్కా. గట్టిగ అడగకుండ్రి. ఒప్పుకొని రాజీనామా రాసిస్తే నేనే సార్‌ను బతిమాలి కేసు లేకుండ చేపిస్త.”

“మంచిది తమ్మీ. జర నువ్వు దూరం పో. నీ ముందు ఏడ్వడానికి ఇబ్బంది పడ్తది.”

కానీ శిరీష ఏడవడం లేదు. ముట్టని నీళ్ళ సీసా ముందు నిటారుగా కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రబడ్డాయి, గడ్డం మాత్రం పైకే ఉంది.

“ఏ ఊరు మీది?”

“గీడనే అక్కా. పాలమాకుల దిక్కు.”

“దర్వాజను నువ్వే చెరిపేసినవా?”

“లేదు.”

“నీ పేరే ఉన్నది మరి.”

“పేరున్నది. నేను లేను.”

భాగ్యమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. “చూడు బిడ్డా. నీకు ఏడాది నిండని పాప ఉన్నదట. మూడింటికి పోలీసులొస్తరు. స్టేషన్‌ల పొద్దు పోయేదాక కూసోబెడ్తరు. రాజీనామా రాసిస్తే ఇప్పుడే ఇంటికి పోవచ్చు. ఎందుకు రాస్తలేవు?”

శిరీష చేతులు ఒళ్ళో బిగుసుకున్నాయి. పాప మాట రాగానే మొహం ఒక్క క్షణం చెదిరింది. పొద్దుటి నుంచి ఇంట్లో ఆ పిల్ల సీసా పాలు తాగకుండా మారాం చేస్తోందని శిరీష తల్లి అనంతమ్మ రెండుసార్లు ఫోన్ చేసింది. రెండోసారి నరేందర్ ఫోన్ తీసుకుని పక్కన పెట్టేశాడు.

“రేపు నా బిడ్డ పెద్దగైతది,” అంది శిరీష నెమ్మదిగా. “‘అమ్మా, నువ్వు ఏం పని చేసేదానివే’ అని అడుగుతది. మా కంపెనీల దర్వాజ నేనే కట్టిన బిడ్డా అని చెప్పుకుందామనుకున్న. చెయ్యని తప్పుకు సంతకం పెట్టొచ్చిన అని చెప్పాల్నా? రాయనక్కా. స్టేషన్‌కే తీస్కపోనియ్యి.”

భాగ్యమ్మ ఆమె మొహంలోకి చూసింది. ఇంత మొండిగా మాట్లాడేవాళ్ళు రెండు రకాలు. ఆరితేరిన దొంగలు ఒకళ్ళు, అసలు దొంగతనమే ఎరగనివాళ్ళు ఇంకొకళ్ళు. ఈ పిల్ల ఏ రకమో తేల్చాలి.

“దర్వాజ అని ఎందుకు పెట్టినవ్? అందరు ఇంగ్లిష్ పేర్లు పెట్టుకుంటరు గదా.”

ఆ ప్రశ్నకు శిరీష మొహంలోకి మొదటిసారి వెలుగొచ్చింది. “మా అమ్మ పెట్టింది. ఏం పని చేస్తున్నవే అంటే చెప్పిన, లోపటికి ఎవరు రావాలె, ఎవరు రావద్దు చూసుకునే ప్రోగ్రాం రాస్తున్న అని. ‘గట్లంటే దర్వాజ అన్నట్టు’ అన్నది. గదే పెట్టిన. మీటింగ్‌ల అందరు నవ్విన్రు. తర్వాత అందరు గదే పేరుతోటి పిలుస్తున్నరు.”

“ఇంగ్లిష్ అక్షరాల్ల ఎట్ల రాసినవ్?”

“డి, హెచ్, ఎ, ఆర్, వి, ఎ, జె, ఎ.”

“డి పక్కన హెచ్ ఎందుకు?”

శిరీష ఆశ్చర్యంగా చూసింది. “లేకుంటే డర్వాజ అయితది గదక్కా!”

భాగ్యమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ పిల్ల కూడా, పోలీసులు రాబోతున్నారన్నది మరిచిపోయి, నవ్వేసింది.

“ఫోన్ తెప్పిస్త. అమ్మతోని మాట్లాడు. నీళ్ళు తాగు,” అని చెప్పి భాగ్యమ్మ బయటికి నడిచింది.

కంట్రోల్ రూములో గోడంతా తెరలే. ఆరు గదులకు ఆరు తెరలు. ఒకటి నుంచి నాలుగు వరకు చివర్న ఎర్ర గీత, ఐదూ ఆరూ పచ్చగా ఉన్నాయి. భార్గవ్ ముందుగానే వచ్చి కీబోర్డు ముందు కూర్చున్నాడు. వెనకాల రాఘవేందర్ చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

“ఇదిగోండి మీ ఎర్ర గీత,” అన్నాడు భార్గవ్. “ఆ తలుపు ప్రోగ్రాం దొరకలేదంటోంది. ఎందుకు దొరకలేదు? చెరిపేశారు కాబట్టి. ఎవరు చెరిపేశారు? ఇదిగో పేరు. చిన్నపిల్లాడికి కూడా అర్థమవుతుంది.”

“ఎర్ర గీత చివర్న ఉంటది సార్. కథ అంతకుముందే నడిచి ఉంటది. పైకి తీయండ్రి.”

“ఏం చూస్తారు పైన?”

“మీరు చూడనిది.”

భార్గవ్ ముక్కు ఎగబీల్చాడు. భాగ్యమ్మ అతని భుజం మీదుగా చెయ్యి చాపి తనే మీట నొక్కింది. గోదాం రాసుకున్న వరసలు తెర మీద పైకి పాకాయి. పొద్దున భార్గవ్ వాటిని వడపోసి ‘చెరిపివేత’ అన్న వరసను మాత్రమే చూశాడు. భాగ్యమ్మ ఆ జల్లెడ తీసేసి, నిన్న మధ్యాహ్నం శిరీష పేరుతో లోపలికి వచ్చినవాళ్ళు మొదటి నుంచి ఏమేం చేశారో చూపించమంది.

చెరపడానికి ముందు ఒక వెతుకులాట ఉంది. ఒకటి కాదు, మూడు. మొదటిసారి డి పక్కన హెచ్ లేదు. దొరకలేదు. రెండోసారి హెచ్ పెట్టారు, కానీ మధ్యలో వి బదులు డబ్ల్యు కొట్టారు. దొరకలేదు. మూడోసారి సరిగ్గా కుదిరింది. ముందు దానికి ఒక నకలు తీసుకుని, తర్వాత అసలును చెరిపేశారు.

రాఘవేందర్ ముందుకు వంగాడు. భాగ్యమ్మ తెర మీద వేలు పెట్టింది.

“సార్, మీకు పిల్లలున్నరా?”

“ఒక కొడుకు. ఎందుకు మేడం?”

“సొంత కొడుకు పేరు మూడు తీర్ల రాసి చూసుకుంటరా, ఏది కరెక్టో అని?”

రాఘవేందర్ తెర మీది మూడు వరసలూ మళ్ళీ చదివాడు.

“ఈ పేరు పెట్టింది శిరీష. రాసింది శిరీష. రోజూ దానితోనే పని. నిద్రల లేపి అడిగినా తప్పు చెప్పది. ఇది చెరిపినోనికి పేరు చెవిల పడ్డది గాని కంటికి కనవడలే. నోటిమాటగ విన్నోడు వీడు. ద అక్షరం ఇంగ్లిష్ల ఎట్ల రాసిన్రో తెల్వక తడుముకున్నడు. యంత్రం పేరు రాసుకుంటది గాని మొఖం రాసుకోదు సార్. పేరు శిరీషది. చెయ్యి ఇంకెవరిదో.”

రాఘవేందర్ గట్టిగా ఊపిరి వదిలాడు. పొద్దుటి నుంచి ఆ ఊపిరి బిగబట్టుకుని ఉన్నాడని అప్పుడు తెలిసింది.

“కంగారులో తప్పు కొట్టి ఉండొచ్చు కదండీ,” అన్నాడు భార్గవ్. గొంతులో మునుపటి పదును లేదు. “నేరం చేసేటప్పుడు చేతులు వణకవా?”

“వణికిన చెయ్యి పక్క అక్షరం మీద పడ్తది. హెచ్ మరిచిపోయి, మల్ల గుర్తు తెచ్చుకొని, డబ్ల్యు పెట్టి, మల్ల వి పెట్టదు. అది వణుకుడు కాదు, వెతుకుడు.”

భార్గవ్ చెవులు ఎర్రబడ్డాయి. రాఘవేందర్ వైపు తిరిగాడు. “సరే. ఎవరు చెరిపారన్నది పోలీసులు తేల్చుకుంటారు. మీ సరుకు సాయంత్రం విమానం ఎక్కాలి. నాలుగు గదులు మామూలు తాళాల మీద నడుస్తున్నాయి. ఐదూ ఆరూ ఎందుకు లేచాయో తెలుసా? వాటి ఆర్డర్లు మావాళ్ళు రాశారు. గోదాంలో లేకపోతే అక్కడే చతికిలబడకుండా బయట వెతుక్కుని తెచ్చుకునే వీలు పెట్టాం. అదే వీలు ఈ నాలుగింటికీ పెట్టేస్తాను. ఐదు నిమిషాల్లో అన్నీ పచ్చబడతాయి. మీరు సరేనంటే చాలు.”

అతని వేలు మీట మీదకు వెళ్ళింది. రాఘవేందర్ తల కదిలింది. అది అవునో కాదో తెలిసేలోపే భాగ్యమ్మ అరచెయ్యి కీబోర్డు మీద పడింది.

“చెయ్యి తీయండి!” అన్నాడు భార్గవ్.

“తీయ.”

“మీరు హద్దు మీరుతున్నారు. ఇక్కడ భద్రత చూసుకోవడానికి నన్ను పిలిచారు.”

“నన్ను కూడ గందుకే పిలిచిన్రు. మీకన్న జర ఆలస్యంగ పిలిచిన్రు, అంతే ఫరక్. ఒక్క ముచ్చట చెప్పండ్రి సార్. బయటికెల్లి తెచ్చుకున్నది అంటున్నరు. దర్వాజ ఈ కంపెనీ పిల్ల, ఈ కంపెనీ కోసం రాసుకున్నది. అది బయట ఎట్ల దొరికింది?”

భార్గవ్ తన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అతను నిజంగానే ఆ ప్రశ్న వేసుకోలేదు. ఆ సంగతి అతని కళ్ళలోనే కనబడింది.

“ఆగిపోయినవాటిని అందరు చూస్తరు,” అంది భాగ్యమ్మ. “నేను ఆగనివాటిని కూడ చూస్త. ఐదో తెర పెద్దగ చేయండ్రి.”

ఈసారి భార్గవ్ మారు మాట్లాడకుండా చేశాడు. నాలుగో గదిలో యంత్రం రాసుకున్నది రెండే ముక్కలు. దర్వాజ గోదాంలో లేదు, ఆగిపోయాను. ఐదో గదిలో మరో ముక్క ఎక్కువ. దర్వాజ గోదాంలో లేదు, బయటి బజారులో ఉంది, తెచ్చి బిగించాను.

బయటి బజారు అంటే ప్రపంచంలో ప్రోగ్రాములు రాసేవాళ్ళందరూ తమవి తెచ్చి పెట్టుకునే ఉచితపు అంగడి. ఎవరైనా పెట్టొచ్చు, ఎవరైనా తీసుకోవచ్చు. అక్కడ పేరే గుర్తు. భాగ్యమ్మ అందులో దర్వాజ కోసం వెతికించింది. ఒక్కటే ఉంది. పెట్టినవాడి వివరాల చోట ఖాళీ. పెట్టింది నిన్న సాయంత్రం.

“నిన్న పగటీలి ఈడ మాయమైంది. నిన్న సాయంత్రం ఆడ మొలిచింది,” అంది. “డి పక్కన హెచ్ తోటి, నడిమిట్ల వి తోటి, చివర జె తోటి. గిదే మాట ఢిల్లీ మనిషి రాస్తే హెచ్ పెట్టడు, చివర జెడ్ పెడ్తడు. ఇంకో దేశపోనికి ఈ మాటే తెల్వది. గీ పేరు గిట్లనే రాసేటిది లోకంల ఒక్కతే ఉన్నది. ఆమె పక్క గదిల నీళ్ళు తాగుతున్నది. మరి ఈ రెండోది ఎవరు పెట్టిన్రు సార్?”

“ఆ అమ్మాయి దాన్ని దొంగిలించి...” అని మొదలుపెట్టిన భార్గవ్ తనంతట తనే ఆపేశాడు. మూడుసార్ల వెతుకులాట ఇంకా పక్క తెర మీదే ఉంది. జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. “అసలును మాయం చేశారు. ఆ ఖాళీలోకి అదే పేరుతో నకిలీ వచ్చింది. మా ఆర్డరు దానికి దారి ఇచ్చింది.”

“మీ ఆర్డరు దారి ఇచ్చింది. శిరీష ఆర్డరు ఇయ్యలే. నా దర్వాజ ఉంటెనే లేస్త, లేకుంటె ఆగిపోత అన్నది. మీరు దాన్ని చతికిలబడుడు అన్నరు.”

భార్గవ్ కుర్చీలోంచి లేచి, దాన్ని పక్కకు జరిపాడు. “ఆ అమ్మాయిని పిలవండి,” అన్నాడు రాఘవేందర్‌తో.

నేరం మోస్తున్న మనిషిని మళ్ళీ కీబోర్డు ముందు కూర్చోబెట్టడానికి రాఘవేందర్ జంకాడు. “నా పూచీ సార్. తప్పైతే రేపట్నుంచి నా బోర్డు దించుకుంట,” అంది భాగ్యమ్మ. ఆ మాట ఆమె ఇదివరకు ఎవరి కోసమూ అనలేదు.

శిరీష వచ్చింది. ఎవరి మొహమూ చూడకుండా కూర్చుంది. తెరల మీదున్నది ఒక్కసారి చదివింది, అడగకముందే వేళ్ళు కదిలాయి. దర్వాజను ఎలా రాసిందో ఆ మూలప్రతి కంపెనీ పాత అరలో ఉంది. దాన్ని బయటికి తీసి, కొత్తగా కట్టి, కంపెనీ ముద్ర వేసి గోదాంలో పెట్టింది. ముద్ర లేనిది ఎక్కడి నుంచి వచ్చినా బిగించవద్దని ఆరు ఆర్డర్లలోనూ ఒక్కో వరస చేర్చింది. బయటి దారి మూసేసింది. ఆమె వెనక నిలబడ్డ భార్గవ్ ఒకచోట “అక్కడ ఏ వెర్షన్ తీసుకోవాలో కూడా కట్టేస్తే మంచిది” అన్నాడు మెల్లగా. “కట్టిన సార్, పై వరసల ఉన్నది,” అంది ఆమె తల తిప్పకుండానే.

మీట నొక్కింది. ఐదూ ఆరూ అప్పటికే లేచి ఉన్నాయి కాబట్టి ముందు ఆగిన నాలుగింటికే. ఒకటో గది పచ్చబడింది. రెండు. మూడు. నాలుగో తెర కాస్త ఆలోచించి, అదీ పచ్చబడింది.

రాఘవేందర్ పసిపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. శిరీష అప్పుడు వెనక్కి తిరిగింది. ఆమె మొహంలో ఉన్నది సంతోషం కాదు, ఇంకా పెద్దది. తన చేతిపని నలుగురి ముందు లేచి నిలబడడం చూసుకుంటున్న మనిషి మొహం అది. భాగ్యమ్మ ఆమె పక్కకు కుర్చీ లాక్కుంది.

“మురిసిపోయింది చాలు. నకిలీ కడుపుల ఏమున్నదో చూద్దాం. నీ దర్వాజ పక్కన దాన్ని పెట్టు.”

రెండు తెరల మీద రెండు దర్వాజలు. వరస వరసా ఒకటే. మనిషీ అద్దంలోని బొమ్మా అన్నంత ఒకటే. శిరీష వేలు కిందికి జారుతూ జారుతూ ఒక్కచోట ఆగింది.

“గిది నాది కాదు.”

నాలుగు వరసలు. ఎవరో కుట్టిన బట్ట మీద వేరే దారంతో వేసిన మాసికలా ఉన్నాయి. శిరీష చదివి చెప్పింది. గది తలుపు తెరవాలంటే ఇద్దరు ఉద్యోగులు ఒకేసారి పాస్ చూపాలి. ఇది కంపెనీ నియమం. ఈ నాలుగు వరసలు ఒక్క మనిషికి ఆ నియమం ఎత్తేశాయి. ఆ పేరుగల పాస్ వస్తే రెండో మనిషిని అడగవద్దు, గంట మోగించవద్దు, తలుపు తీయి.

“ఎవరి పేరుకు?” అన్నాడు రాఘవేందర్.

శిరీష పెదవులు తడి చేసుకుంది. “నా పేరుకే సార్.”

“అంటే...” భార్గవ్ గబగబా బల్ల మీదున్న కవరు అందుకున్నాడు. పొద్దున సాక్ష్యంగా శిరీష పాస్ తీసుకుని అందులో పెట్టి అంటించింది అతనే. అంటు చెదరలేదు. చించి తలకిందులు చేశాడు. పాస్ టప్పున బల్ల మీద పడింది. “ఇది ఇక్కడే ఉంది. దొంగతనం నేరం కూడా ఈమె మీదకు నెట్టాలనుకున్నారు. పాస్ మన దగ్గరుంది కాబట్టి ఆ ఆట సాగదు.”

“ఐదు, ఆరు గదుల్ల ఏమున్నయ్ సార్?” అని అడిగింది భాగ్యమ్మ.

“కేన్సర్ ఇంజెక్షన్లు. సాయంత్రం విమానంల పోయేవి,” అన్నాడు రాఘవేందర్. “మొత్తం కంపెనీల విలువైన సరుకంత ఆ రెండింట్లనే—”

అతని మాట సగంలో ఉండగానే ఐదో తెర మీద ఒక వరస పడింది.

శిరీష. ఐదో గది. లోపలికి.

నలుగురూ తెర వైపు చూశారు. తర్వాత ముగ్గురి చూపులూ కుర్చీలో కూర్చున్న అమ్మాయి మీదకు వచ్చాయి. బల్ల మీద ఆమె పాస్, ఒళ్ళో ఆమె చేతులు.

“నేను గీడనే ఉన్న,” అంది శిరీష, అది కూడా సందేహమే అన్నట్టు.

భాగ్యమ్మ నవ్వింది. “ఉన్నవు బిడ్డా. నిన్ను పట్టిచ్చినోళ్ళిద్దరు సాక్షులు. ఇంతకన్న మంచి సాక్ష్యం కోర్టుల కూడ దొరకది. సార్లూ, చూస్తున్నరా? అసలు దర్వాజను తీసి నకిలీని పెట్టిన్రు. అసలు శిరీషను గదిల కూసోబెట్టి నకిలీ శిరీషను పంపిన్రు. రెండుసార్లు ఒకటే ఉపాయం. రాఘవేందర్ సార్, మీ కంపెనీల పాసులు అచ్చు వేసేది ఎవరు?”

రాఘవేందర్ మొహంలో రక్తం లేదు. “సెక్యూరిటీ రూమ్. నరేందర్. కంప్యూటర్లు తెరుచుకునేది కూడ గా పాసులతోనే.”

ఫోన్ కలిపాడు. మోగింది, మోగింది, మోగి ఆగింది. ఐదో గది కెమెరాను భార్గవ్ తెర మీదకు తెచ్చాడు. ఆవిరి పొగల మధ్య మందుల పెట్టెల వరసలు, వాటి మధ్య వంగిన ఒక వీపు. ఖాకీ చొక్కా. ఒక చేతిలో సంచి.

“లోపల చల్లదనం ఎంత?” అంది భాగ్యమ్మ.

“ఫ్రిజ్‌ల ఉన్నంతనే అక్కా. మనిషికి ఏం కాదు.”

“అయితే నీ దర్వాజను ఐదో గదికి ఎక్కియ్యి. లోపలున్నోడు బయటికి రావాలన్న ఇద్దరు ఉండాల్నా?”

“ఉండాలె. ఒక్కడు రాలేడు.”

శిరీష ఇంకెవరి అనుమతీ అడగలేదు. మీట నొక్కింది. నకిలీ దిగింది, అసలు ఎక్కింది. కెమెరాలో తలుపు పైనున్న దీపం ఎర్రబడడం, ఖాకీ చొక్కా ఉలిక్కిపడి తిరగడం నలుగురూ చూశారు. నరేందరే. తలుపు దగ్గరికి పరుగెత్తి పాస్ ఆనించాడు. మళ్ళీ ఆనించాడు. తలుపు కదల్లేదు.

రాఘవేందర్ కుర్చీలో కూలబడి, “అమ్మా శిరీషా, నన్ను మాఫ్ చెయ్యి బిడ్డా,” అన్నాడు. భార్గవ్ పాస్ తీసి రెండు చేతులతో ఆమెకు అందించాడు. “తప్పు చదివాను. క్షమించండి,” అన్నాడు ‘అండి’ ఒత్తి పలుకుతూ. శిరీష పాస్ మెడలో వేసుకుంది. సరిచేసుకుంది. అప్పుడు గాని ఆమె కళ్ళ నుంచి నీళ్ళు జారలేదు.

భాగ్యమ్మ మాత్రం తెర మీంచి చూపు తీయలేదు. పేరు సరిగ్గా రాయడానికి మూడుసార్లు తడుముకున్నవాడు నరేందర్. అంతవరకు ఆమె ఒప్పుకుంటుంది. కానీ ఆ నాలుగు వరసలు తడుముకుంటూ రాసినవి కావు. అవి రాసిన చేతికి పని బాగా తెలుసు.

ఆమె ఆ మాట పైకి అనేలోపే ఆరో తెర మీద వరస పడింది.

శిరీష. ఆరో గది. లోపలికి.

ఆరో గదిలో ఇంకా నకిలీ దర్వాజే ఉంది. నరేందర్ ఐదో గదిలో తలుపు బాదుతూనే ఉన్నాడు. ఆరో గది కెమెరా మీద ఎవరో గుడ్డ కప్పేశారు. తెరంతా నలుపు.

రాఘవేందర్ లేచి నిలబడ్డాడు. భార్గవ్ తలుపు వైపు పరుగెత్తాడు. శిరీష కళ్ళు తుడుచుకుని కుర్చీ ముందుకు లాక్కుంది.

“నా పేరు పెట్టుకొని ఇంకా ఎంతమంది తిరుగుతున్నరో చూద్దాం అక్కా,” అంది, ఆరో గది ఆర్డరు తెరుస్తూ.